బరువు ఒకటే, లోపలి లెక్కలే వేరు: బాడీ కంపోజిషన్ స్కాన్‌లో అంకెలు ఎక్కడి నుంచి వస్తాయి

2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఓ బుల్లి వ్యాసం వచ్చింది. అందులో ఇద్దరు డాక్టర్ల ఫొటో, పక్కనే వాళ్ల స్కాన్ బొమ్మలు. ఒకాయన పుణెకి చెందిన చిత్తరంజన్ యాజ్ఞిక్, రెండో ఆయన లండన్‌కి చెందిన జాన్ యుడ్కిన్. ఇద్దరి బీఎంఐ 22.3. చార్టు తీసి చూస్తే ఇద్దరూ నార్మల్. ఎక్స్‌రేలతో ఒంట్లో కొవ్వు, ఎముక ఎంతెంతో అంచనా కట్టే డెక్సా స్కాన్ తీస్తే మాత్రం యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం, యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం! వాళ్లే సరదాగా రాసుకున్నారు కూడా: యుడ్కిన్ మారథాన్లు పరిగెత్తుతాడు, యాజ్ఞిక్ చేసే వ్యాయామమల్లా పొద్దున్నే ఆస్పత్రిలో లిఫ్టు తలుపులు మూసుకునేలోపు పరిగెత్తడమేనని. యాజ్ఞిక్ పుట్టినప్పుడు తక్కువ బరువుతో పుట్టిన సంగతి కూడా అందులోనే ఉంది, దాని పాత్ర కూడా ఉండొచ్చని.

మన ఇళ్లలో ఇది రోజూ కనిపించేదే. చేతులు, కాళ్లు సన్నగా, పొట్ట మాత్రం కాస్త ముందుకి, "నీకేంట్రా, సన్నగానే ఉన్నావుగా" అని అందరూ అంటుండగానే షుగర్ బయటపడుతుంది. పైన పటారం, లోన లొటారం. బీఎంఐ దీన్ని పట్టుకోలేదు, ఎందుకంటే అది బరువుని ఎత్తు వర్గంతో భాగించే లెక్క తప్ప ఆ బరువు దేనిదో అడగదు. 19వ శతాబ్దంలో క్వెటిలె అనే బెల్జియం గణితవేత్త జనాభా సగటుల కోసం కట్టిన లెక్క అది, 1972లో అమెరికాలో ఆన్సెల్ కీస్ బృందం దానికి బాడీ మాస్ ఇండెక్స్ అని పేరు పెట్టింది. మన దేశంలో అధిక బరువుకి 23, ఊబకాయానికి 25 అని గీతలు కిందికి జరిపారు, మంచిదే, కానీ గీత ఎక్కడ గీసినా యాజ్ఞిక్, యుడ్కిన్ ఒకే వైపు ఉంటారు.

సరే, అయితే స్కాన్ తీయించుకుంటే సరిపోతుందిగా? ఇక్కడే అసలు తిరకాసు. ఈ మధ్య జిమ్‌లలో, హెల్త్ చెకప్ ప్యాకేజీల్లో "ఫ్యాట్ 27.4%, మజిల్ 48.1 కిలోలు" అని దశాంశంతో సహా అచ్చేసి ఇస్తున్నారు. చూసినవాళ్లకి ఎవరో లోపల తూకం వేసి చెప్పినట్టే ఉంటుంది. బతికున్న మనిషి ఒంట్లో కొవ్వుని నేరుగా తూచడం ఎవరికీ సాధ్యం కాదు. 1980 ప్రాంతంలో బ్రసెల్స్‌లో కొందరు శాస్త్రవేత్తలు మృతదేహాలని విడదీసి చర్మం, కొవ్వు, కండరం, ఎముక, అవయవాలు విడివిడిగా తూచారు. నేరుగా తూచడం అంటే అది. మిగతా ప్రతి పద్ధతీ ఇంకేదో కొలిచి, కొన్ని ఊహలు కలిపి, కొవ్వు ఇంత ఉండొచ్చు అని చెప్పేదే. కాకి లెక్కలు అనను, చాలావరకు మంచి లెక్కలే. కానీ ఏ మెషీన్ దేన్ని కొలిచి దేన్ని ఊహించిందో తెలియకపోతే రిపోర్టు చేతిలో ఉన్నా ఉపయోగం లేదు.

జిమ్‌లో కాళ్ల కింద లోహపు ప్లేట్లు, చేతుల్లో హ్యాండిళ్లు ఉండే మెషీన్ అసలు స్కానే కాదు. ఒంట్లోకి చిన్న కరెంటు పంపి ఎంత అడ్డు తగిలిందో చూస్తుంది, దాన్నిబట్టి నీళ్లెంతో అంచనా కట్టి, ఆ నీళ్లనుంచి కండ, కండనుంచి కొవ్వు అని మెట్లు దిగుతుంది. ఆ లెక్కల సూత్రాలు తరచూ డెక్సా వంటి పద్ధతులతో పోల్చి తయారుచేసినవే, అంటే ఊహ మీద ఊహ. చెమట పట్టినా, ఎక్కువ నీళ్లు తాగినా అంకె మారుతుంది. దాని సంగతి ఇంతటితో వదిలేద్దాం.

డెక్సా దగ్గర కాస్త ఆగాలి, ఎందుకంటే ఈ రంగంలో ఎక్కువ వాడేది ఇదే. హైదరాబాద్ తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ వాళ్లు కూడా పరిశోధనల్లో ఇదే వాడతారు. 1987-90 మధ్య హైదరాబాద్ చుట్టుపక్కల 29 ఊళ్లలో గర్భిణులు, పిల్లల పోషకాహారం మీద ఒక ప్రయోగం జరిగింది. ఆ పిల్లలు పెద్దయ్యాక వాళ్లనీ వాళ్ల కుటుంబాలనీ మళ్లీ పిలిచి పరీక్షించారు, అందులో డెక్సా ఒకటి.

మన ఊళ్లలో డెక్సా అంటే సాధారణంగా నడివయసు దాటిన ఆడవాళ్లకి ఎముకల గట్టిదనం చూసే పరీక్ష. నడుము, తుంటి రెండు చోట్లే తీసి టీ-స్కోర్ ఇస్తారు. కొవ్వు, కండ కావాలంటే అదే మెషీన్ మీద ఒళ్లంతా తీసే వేరే స్కాన్ ఉంటుంది. రెండూ ఒకటే అనుకుని టీ-స్కోర్ కాగితంలో కొవ్వు శాతం కోసం వెతికేవాళ్లు చాలామందే ఉంటారు. స్కాన్ కూడా భయపడేది కాదు. సొరంగం ఉండదు, బల్ల మీద వెల్లకిలా పడుకుంటే పైన ఒక చెయ్యిలాంటి భాగం మెల్లగా తల నుంచి పాదాల దాకా జరుగుతుంది, మెషీన్‌ని బట్టి ఐదు నుంచి పదిహేను నిమిషాలు. బెల్టు బకిల్, హుక్కులు, గొలుసు తీసేయమంటారు, పాదాలు కదలకుండా పట్టీ వేస్తారు, చేతులు ఒంటికి తగలకుండా కాస్త ఎడంగా పెట్టమంటారు. రేడియేషన్ కొద్ది మైక్రోసీవర్టులే, మామూలుగా ఒకటి రెండు రోజుల్లో భూమి నుంచి, ఆకాశం నుంచి మన మీద పడేదానితో పోల్చదగ్గది.

దీని కిటుకు రెండు రకాల శక్తి ఉన్న ఎక్స్‌రేలు పంపడంలో ఉంది. ఒక సంచిలో ఉల్లిపాయలు, బంగాళాదుంపలు మాత్రమే ఉన్నాయనుకోండి. మొత్తం బరువు తెలుసు, మొత్తం బిల్లు తెలుసు, రెంటి కిలో ధరలూ తెలుసు. ఏది ఎన్ని కిలోలో ఎనిమిదో తరగతి పిల్లాడు కూడా చెప్పేస్తాడు. అదే సంచిలో వెల్లుల్లి కూడా చేరిందా, ఇక ఆ రెండు అంకెలతో లెక్క తేలదు. డెక్సాకి చేతిలో ఉన్నవి రెండు అంకెలు, రెండు శక్తుల ఎక్స్‌రే ఎంతెంత తగ్గిందో అవి. తేల్చాల్సినవి మాత్రం మూడు: ఎముక ఖనిజం, కొవ్వు, ఈ రెండూ కానిది. ఎముక లేని చోట, అంటే పొట్ట పక్కన, తొడ అంచున, లెక్క శుభ్రంగా తేలుతుంది. ఎముక ఉన్న చోట మెషీన్ ఎముకనీ మెత్తని భాగాన్నీ మాత్రం విడదీసి, ఆ మెత్తని భాగంలో కొవ్వెంత అనేది పక్కనున్న ఎముక లేని చుక్కల నుంచి అరువు తెచ్చుకుంటుంది. ఒళ్లంతా తీసిన బొమ్మలో ఎముక ఉన్న చుక్కలు దాదాపు 40 శాతం. పక్కటెముకలు నిండిన ఛాతీలో ఆ అరువు మరీ ఎక్కువ.

తర్వాత టెక్నీషియన్ పని. స్క్రీన్ మీద మెడ దగ్గర ఒక గీత, భుజం కీలు మీదుగా ఒకటి, తుంటి దగ్గర ఏటవాలుగా రెండు, తొడల మధ్య ఒకటి సర్దుతారు. భుజం గీత ఒక వేలు లోపలికి జరిగితే ఛాతీలోది కొంత చేతి ఖాతాలో పడుతుంది. బల్ల వెడల్పు కూడా పరిమితమే, లావుగా ఉన్నవాళ్లు పట్టకపోతే ఒక సగం తీసి రెండో సగం కూడా అంతేనని అద్దం పట్టినట్టు లెక్క కడతారు. ఇవేవీ రిపోర్టులో కనపడవు.

ఇప్పుడు రిపోర్టులో ఎక్కువ మందిని తప్పుదోవ పట్టించే మాట: లీన్ మాస్. దాన్ని కండ అని చదివేస్తాం, జిమ్ ట్రైనర్లూ అలాగే చెబుతారు. నిజానికి అది కొవ్వూ ఎముక ఖనిజమూ పోగా మిగిలిన సమస్తం. కండరాలు అందులో ఉంటాయి, కాలేయం, గుండె, పేగులు, రక్తం, చర్మం, పొద్దున్న తాగిన నీళ్లు కూడా ఉంటాయి. 70 కిలోల మనిషికి కొవ్వు 28 శాతం అంటే 19.6 కిలోలు. ఆయన స్కాన్‌కి ముందు లీటరు నీళ్లు తాగాడనుకోండి, బరువు 71, కొవ్వు అదే 19.6, శాతం 27.6కి దిగింది, లీన్ మాస్ ఒక కిలో పెరిగింది. ఏ కసరత్తూ లేదు! అందుకే రెండుసార్లు తీయిస్తే రెండుసార్లూ పొద్దున్నే పరగడుపున తీయించమంటారు.

ఇంకో చిక్కు దీనికంటే లోతైనది. డెక్సా చూపేది కొవ్వు అనే రసాయనాన్ని. మన ఒంట్లో కొవ్వు అలా ముద్దగా ఉండదు, కణజాలంగా ఉంటుంది, అందులో సుమారు 80-85 శాతం కొవ్వు, మిగతాది నీరు, ప్రోటీన్, రక్తనాళాలు. ఆ మిగతాది డెక్సా రిపోర్టులో లీన్ ఖాతాలోకి వెళ్తుంది. అంటే ఎవరైనా అచ్చంగా పది కిలోల కొవ్వు కణజాలమే తగ్గించుకుని, కండ ఒక్క గ్రాము కూడా పోగొట్టుకోకపోయినా, రిపోర్టులో లీన్ మాస్ కిలోన్నర, రెండు కిలోలు తగ్గినట్టు కనపడుతుంది.

ఇది ఊరికే చెప్పడం లేదు. బరువు తగ్గించే సెమాగ్లుటైడ్ ఇంజెక్షన్ల మీద జరిగిన స్టెప్-1 ట్రయల్‌లో 140 మందికి డెక్సా తీశారు. తగ్గిన బరువులో దాదాపు 40 శాతం లీన్ మాస్ అని తేలింది. అంతే, "ఇంజెక్షన్‌తో కండ కరిగిపోతోంది, తగ్గేదాంట్లో సగం కండే" అని వార్తలు, వీడియోలు. అలాంటిదే ఇంకో ఇంజెక్షన్ టిర్జెపటైడ్, దాని ట్రయల్ డెక్సాలో అదే వాటా 25 శాతం చిల్లర. ఈ అంకెల్లో కొంత కొవ్వు కణజాలంలోని నీరూ ప్రోటీనూ, కొంత కాలేయం సైజు తగ్గడం. మిగిలినది నిజంగా కండే, అది కాదనలేం, బరువు తగ్గితే ఏ దారిలో తగ్గినా కొంత కండ పోతుంది, అరవై దాటినవాళ్లకి అది చిన్న విషయం కాదు. కానీ 40 శాతం కండ పోయింది అని మాత్రం ఆ స్కాన్ చెప్పలేదు. టిర్జెపటైడ్ వాడిన కొందరికి తొడల ఎంఆర్ఐ తీసి చూసిన మరో అధ్యయనంలో కండ పరిమాణం తగ్గింది, కండలో ఇరుక్కున్న కొవ్వూ తగ్గింది. ఎంఆర్ఐ కండనే చూస్తుంది కాబట్టి అడగాల్సిన ప్రశ్నకి అది దగ్గరి జవాబు.

డెక్సా రిపోర్టులోనే కండకి దగ్గరగా వచ్చే అంకె ఒకటుంది, చేతులు, కాళ్ల లీన్ మాస్. అక్కడ కాలేయమూ పేగులూ ఉండవు కదా. నాలుగూ కలిపి, మీటర్లలో ఎత్తు వర్గంతో భాగిస్తే, ఆసియా నిపుణుల బృందం 2019లో ఇచ్చిన గీత మగవాళ్లకి 7.0, ఆడవాళ్లకి 5.4. దానికంటే తక్కువైతే కండ తక్కువని. పిడికిలి పట్టు, నడక వేగం కూడా చూశాకే దానికి జబ్బు పేరు పెడతారు. నా మటుకు నాకు ఎవరైనా రిపోర్టు చూపిస్తే మొదట వెతికేది ఈ అంకెనే, కొవ్వు శాతం తర్వాత.

కొవ్వులో కూడా ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది ముఖ్యం. చర్మం కింద ఉండే కొవ్వు ఒక రకం, పేగుల చుట్టూ, కాలేయంలో చేరేది ఇంకో రకం. జపాన్ పరిశోధకులు 1980ల్లోనే సీటీ స్కాన్‌తో దీని మీద పని మొదలుపెట్టారు. సుమో మల్లుల్ని సీటీలో చూస్తే అంత పెద్ద పొట్టల్లోనూ చాలావరకు చర్మం కింది కొవ్వే, కండ కూడా దండిగా. డెక్సా పైనుంచి కిందికి చూసే చదునైన బొమ్మ, దానికి ముందేదో వెనకేదో తెలియదు, అందుకే అది ఇచ్చే విసరల్ ఫ్యాట్ (పేగుల చుట్టూ ఉండే కొవ్వు) అంకె సూత్రం వేసి తీసిన అంచనా. సీటీ అడ్డంగా కోసి చూపిస్తుంది, పొట్ట గోడ లోపలిది ఏదో బయటిది ఏదో కంటికే తెలుస్తుంది. జపాన్‌లో బొడ్డు దగ్గర తీసిన ఒక కోతలో లోపలి కొవ్వు 100 చదరపు సెంటీమీటర్లు దాటితే ప్రమాదం అని గీత గీసి, దాన్నిబట్టే నడుము కొలతలు, మగవాళ్లకి 85, ఆడవాళ్లకి 90 సెంటీమీటర్లు, పెట్టుకున్నారు. మన దగ్గర 90, 80. తలకిందులుగా ఉందేంటి అని అనుమానం వస్తే, అక్కడి గీతలు ఆ కోత వైశాల్యంతో జత కలిపి తీసినవి, చర్మం కింది కొవ్వు ఆడవాళ్లకి ఎక్కువ కాబట్టి అదే లోపలి కొవ్వుకి వాళ్ల నడుము పెద్దదిగా తేలింది.

సీటీలో ప్రతి చుక్కకీ ఒక అంకె ఉంటుంది, నీళ్లకి సున్నా, గాలికి మైనస్ 1000. దీన్ని కట్టిన గాడ్‌ఫ్రే హౌన్స్‌ఫీల్డ్ పేరే ఆ కొలమానానికి, ఆయనకీ అలన్ కార్మాక్‌కీ 1979లో నోబెల్ వచ్చింది. మైనస్ 190 నుంచి మైనస్ 30 దాకా ఉన్న చుక్కలు కొవ్వు, మైనస్ 29 నుంచి ప్లస్ 150 దాకా కండ. ఒళ్లంతా కొలవక్కర్లేదు, నడుములో మూడో పూస దగ్గర ఒక్క కోత తీసి వెన్ను పక్క కండలు, పొట్ట గోడ కండల వైశాల్యం కొలిస్తే ఒళ్లంతా ఉన్న కండకి మంచి అంచనా వస్తుంది. కండ అంకె సున్నా వైపు దిగజారిందంటే ఆ కండలో కొవ్వు చేరిందని అర్థం, పరిమాణం బాగానే ఉన్నా బలం తక్కువ. కాకపోతే రంగు మందు ఎక్కించి తీసిన స్కాన్‌లో కండ అంకె పైకి జరుగుతుంది, అది తెలియకుండా పోల్చకూడదు.

ఇది ఎక్కువ పనికొచ్చేది క్యాన్సర్ రోగులకి. వాళ్లకి ఎలాగూ సీటీలు తీస్తూనే ఉంటారు. కీమో మందుల మోతాదు చాలావాటికి ఎత్తు, బరువుల నుంచి లెక్కగట్టిన ఒంటి ఉపరితలాన్ని బట్టి ఇస్తారు. లావుగా కనపడుతూ లోపల కండ కరిగిపోయిన మనిషికి అదే మోతాదు ఎక్కువై ఇబ్బంది పెట్టొచ్చు. 2008లో కెనడా రోగుల మీద వచ్చిన ఒక ప్రసిద్ధ అధ్యయనం ఈ కండ తక్కువ ఊబకాయాన్ని చూపించి, మగవాళ్లకి 52.4, ఆడవాళ్లకి 38.5 అని గీతలిచ్చింది, చదరపు మీటరు ఎత్తుకి ఇన్ని చదరపు సెంటీమీటర్ల కండ అని. ఆ గీతల్ని మన రోగుల మీద అలాగే పెట్టడం నాకు నచ్చదు, చిన్న ఒడ్డూ పొడుగూ ఉన్న మనలో చాలామంది ఏ జబ్బూ లేకుండానే దాని కింద పడతారు. ఇంకో సంగతి, కొవ్వు చూసుకోవడానికే ప్రత్యేకంగా సీటీ తీయించుకోవద్దు. ఒక పొట్ట సీటీలో పడే రేడియేషన్ డెక్సాకి వెయ్యి రెట్ల స్థాయిలో ఉంటుంది.

ఎంఆర్ఐకి ఆ గొడవ లేదు. నీళ్లలోని హైడ్రోజన్, కొవ్వులోని హైడ్రోజన్ అయస్కాంతంలో కొద్ది తేడాతో పలుకుతాయి. ఆ రెండు సంకేతాలు ఒకసారి కలిసినప్పుడు ఒక బొమ్మ, ఎదురెదురైనప్పుడు ఇంకో బొమ్మ తీస్తారు. మొదటిది నీళ్లు ప్లస్ కొవ్వు, రెండోది నీళ్లు మైనస్ కొవ్వు. కూడితే నీళ్లు, తీసేస్తే కొవ్వు, అంతే! 1984లో డిక్సన్ అనే ఆయన చెప్పిన ఈ ఉపాయమే ఇప్పటికీ నడుస్తోంది. యూకే బయోబ్యాంక్ వాళ్లు లక్ష మందిని మెడ నుంచి మోకాళ్ల దాకా ఇలా స్కాన్ చేశారు, 2025లో ఆ లెక్క పూర్తయింది. కాలేయంలో కొవ్వు 5 శాతం దాటిందా లేదా అని ఎంఆర్ఐ సూటిగా చెప్పగలదు. మనం మామూలుగా తీయించుకునే అల్ట్రాసౌండ్‌కి 20 శాతం దాకా చేరితే గానీ సరిగ్గా కనపడదు, కాబట్టి రిపోర్టులో ఫ్యాటీ లివర్ అని రాయలేదంటే లేనట్టు కాదు, "గ్రేడ్ 1 అందరికీ ఉండేదేలే" అని కొట్టిపారేయడం కూడా అంతే పొరపాటు. హైదరాబాద్ ఐటీ ఉద్యోగుల మీద 2025లో వచ్చిన అధ్యయనంలో పరీక్షించిన 345 మందిలో 84 శాతం మందికి కాలేయంలో కొవ్వు చేరి ఉంది.

మరి ఎవరు ఏది తీయించుకోవాలి? చాలామందికి ఏదీ అక్కర్లేదు, నడుముకి టేపు, షుగర్, ట్రైగ్లిజరైడ్లు, డాక్టర్ చెబితే కాలేయం అల్ట్రాసౌండ్ చాలు. పొట్ట పెరిగిందని అద్దమే చెబుతుంటే దానికి డబ్బు కట్టి దశాంశం తెచ్చుకోవడం ఎందుకు? బరువు తగ్గే ఇంజెక్షన్లు వాడేవాళ్లు, బేరియాట్రిక్ సర్జరీకి వెళ్లేవాళ్లు, కండ తగ్గుతోందని అనుమానం ఉన్న పెద్దవాళ్లు డెక్సా తీయించుకుంటే అర్థముంది, అదీ మొదట్లో ఒకటి, కొన్ని నెలల తర్వాత ఒకటి, నెలనెలా కాదు. అర కిలో తేడాలు మెషీన్ సొంత ఊగిసలాటలోనే కలిసిపోతాయి. క్యాన్సర్‌కో మరి దేనికో ఇప్పటికే పొట్ట సీటీ తీసి ఉంటే కొత్త స్కాన్ అడిగేముందు ఆ సీడీ దాచుకుని డాక్టర్‌ని అడగండి, కావాల్సిన కోత అందులోనే ఉండొచ్చు. డెక్సా మెషీన్లు రెండు పెద్ద కంపెనీలవి ఎక్కువ, ఒకే మనిషిని ఒకే రోజు రెంటి మీదా పడుకోబెడితే కొవ్వు శాతం వేరుగా వస్తుంది. మెషీన్ పేరు, సాఫ్ట్‌వేర్ వెర్షన్ సాధారణంగా రిపోర్టు మీద ఓ మూల చిన్న అక్షరాల్లో ఉంటాయి. రెండోసారి వెళ్లేటప్పుడు ఆ కాగితం తీసుకెళ్లి, అదే మెషీన్ ఉందా అని రిసెప్షన్‌లోనే అడగండి, బిల్లు కట్టకముందే.